తీగ ఒకటే, కళ్ళు రెండు!

పగలంతా మా అమ్మ యింట్లో ఒంటరిగా వుంటుంది. వీధి గుమ్మానికి కెమెరా వుంది గాని, పక్క సందు అందులో కనబడదు. మరో కెమెరాకోసం లోపల్నించి కొత్త తీగ లాగాలంటే గోడలన్నీ తొలవాలి!

అంత శ్రమ అక్కర్లేదు. మాది నెట్‌వర్కు కెమెరా. ఒకే తీగ బొమ్మనీ కరెంటునీ మోస్తుంది. దాని చివర పి.ఓ.ఇ. ఎక్స్‌టెండరనే చిన్న పెట్టె తగిలిస్తే రెండు కెమెరాలకీ దారి యేర్పడుతుంది. బయట రెండు గజాల తీగ చాలు.

అయితే లెక్క చూసుకోవాలి. 30 వాట్ల పద్ధతిలో తీగ చివరికి పూచీగా చేరేది 25.5 వాట్లే. పెట్టెకీ, రెండు కెమెరాలకీ కలిపి అంతకు మించకూడదు. రాత్రిళ్ళు కెమెరా దీపాలు వెలిగితే ఖర్చు పెరుగుతుంది సుమండీ!

రికార్డరులో ఖాళీ ఛానలుందా, ఒకే తీగమీద రెండు కెమెరాలను అది గుర్తిస్తుందా అని ముందే అడిగి మరీ కొనండి.