ప్రాణము నిలుపు రంధ్రము

పరుల దోషములను వెదకుటకు మన భాషలో రంధ్రాన్వేషణమని పేరు. రంధ్రమన్నచో లోపమనియే లోకవాడుక. బిడ్డ గుండెలో రంధ్రమున్నదని వైద్యుడు చెప్పగనే తల్లిదండ్రుల గుండె జారుట సహజము. కాని రంధ్రమే లేనిచో శిశువు బ్రతుకజాలని హృదయలోప మొకటి కలదు. అట్టి శిశువునకు రంధ్రము చాలనిచో వైద్యుడే దానిని కల్పింపవలసి యుండును.

ఈ లోపమును వైద్యులు ‘ట్రాన్స్‌పొజిషన్’ అందురు. మహానాళముల తారుమారు అని దానిని తెలుగున చెప్పుకొనవచ్చును. పదివేలమంది శిశువులలో ఇంచుమించు ఇద్దరు ముగ్గురికి ఇది పుట్టుకతోనే వచ్చును. ఆడశిశువులలోకంటె మగశిశువులలో హెచ్చుగా కనబడును.

దీనిని గ్రహించుటకు ముందు సహజమైన హృదయమును తలచుకొనవలెను. గుండెలో గదులు నాలుగు. పైవి రెండు కర్ణికలు; క్రిందివి రెండు జఠరికలు. శరీరమంతట తిరిగి ప్రాణవాయువును ధారపోసిన రక్తము కుడి కర్ణికను చేరి, కుడి జఠరికలోనికి దిగి, పుపుస ధమని ద్వారా ఊపిరితిత్తులకు పోవును. అచ్చట ప్రాణవాయువును గ్రహించి, ఎఱ్ఱదేరి, ఎడమ కర్ణికకు మరలి వచ్చి, ఎడమ జఠరికనుండి మహాధమని ద్వారా దేహమంతట వ్యాపించును. 8 అంకెను వ్రాయునప్పుడు ఒక సున్న ముగియకమునుపే రెండవ సున్నలోనికి కలము పోవునట్లు, ఈ రెండు చుట్లును ఒకదానిలో నొకటి కలిసియే నడచును.

తారుమారైన హృదయమున మహాధమని కుడి జఠరికనుండియు, పుపుస ధమని ఎడమ జఠరికనుండియు బయలుదేరును. అంతటితో 8 అంకె తెగి రెండు విడి సున్నలగును. ప్రాణవాయువు లేని రక్తము ఊపిరితిత్తులను చేరకయే దేహమున తిరుగుచుండును. ప్రాణవాయువు నిండిన రక్తము దేహమున కందక ఊపిరితిత్తులకే మరల మరల పోవుచుండును. ధాన్యమున్న ఊరును, ఆకలిగొన్న ఊరును ఏటికి చెరియొక గట్టున నుండి, నడుమ వంతెన లేనట్టి స్థితి యిది.

ఇట్టి శిశువు గర్భమున చక్కగనే పెరుగును. అప్పుడు ఊపిరితిత్తులకు పనిలేదు. మావినుండి బొడ్డుతాడు ద్వారా ప్రాణవాయువు లభించును. పైగా గర్భస్థ శిశువులందరికిని రెండు అడ్డదారులున్నవి: కర్ణికల నడుమ నొక రంధ్రము, రెండు మహానాళములను కలుపు నొక చిన్న నాళము. జన్మించిన కొలది దినములలో ఆ నాళము ముడుచుకొనును, రంధ్రమును మూతపడనారంభించును. తక్కిన శిశువులకు ఇది ఆరోగ్యలక్షణము. ఈ శిశువునకు మాత్రము ఉన్న వంతెనలు కూలుటయే. పెదవులు, గోళ్లు నీలిరంగు తిరుగును. చికిత్స లేనిచో నెల తిరుగక మునుపే సగము మందియు, ఏడాదిలోపల నూటికి తొంబదిమందియు మరణింతురు.

1797 లోనే మాథ్యూ బెయిలీ అను బ్రిటిష్ వైద్యుడు ఈ లోపమును వర్ణించెను. చికిత్సకు మాత్రము నూటయేబది యేండ్లు పట్టినది. 1950 లో అమెరికాయందు బ్లాలక్, హాన్లన్ అనువారు శస్త్రముతో కర్ణికల నడుమ దారి కల్పించిరి. 1966 లో ఫిలడెల్ఫియాలో విలియం రాష్కిండ్ రొమ్ము కోయకుండగనే ఆ పని సాధించెను. తొడలోని సిర ద్వారా సన్నని గొట్టమును గుండెలోనికి పంపి, కర్ణికల నడిమి రంధ్రమును దాటించి, దాని కొననున్న చిన్న బుడగను ఉబ్బించి వెనుకకు లాగెను. గోడ చిరిగి రంధ్రము పెద్దదయ్యెను; రెండు రక్తములు కలిసెను. చిన్న నాళము ముడుచుకొనకుండ ఆపు మందును తరువాతి దశాబ్దమున వాడుకలోనికి వచ్చినది.

రంధ్రము ప్రాణము నిలుపును గాని రోగమును మాన్పదు. 1958 లో స్వీడనున సెనింగ్, 1963 లో టొరాంటోలో మస్టర్డ్ కర్ణికలలోపలనే రక్తపు దారిని మళ్లించిరి. పిల్లలు బ్రతికిరి, కాని దేహభారమంతయు కుడి జఠరికపైననే నిలిచినందున, ఏండ్లు గడచినకొలది పలువురిలో అది అలసిపోయెను. 1975 లో బ్రెజిలునందు జాటెనె నాళములనే కోసి వాని వాని స్థానములకు మార్చి విజయము పొందెను. గుండె కండకు రక్తమిచ్చు సన్నని ధమనులను సయితము మహాధమనితో పాటు తరలించి కుట్టవలెను. నవజాత శిశువులో అవి దారపుపోగులవంటివి. ఆలస్యమైనచో తేలికపనికి అలవాటుపడిన ఎడమ జఠరిక బలము తగ్గును. కావుననే సాధారణముగ మొదటి కొన్ని వారములలోనే ఈ శస్త్రచికిత్స చేయుదురు. నేడు నేర్పరులున్న ఆసుపత్రులలో నూటికి తొంబదిమందికి పైగా శిశువులు బ్రతుకుచున్నారు. మన దేశమునను ఈ చికిత్స జరుగుచున్నది.

పుట్టిన బిడ్డ పెదవులు, నాలుక నీలముగ నుండుట చలివలన కలిగినదని ఉపేక్షింపరాదు. అచ్చట గంటలకును విలువ గలదు.

నాళములు స్వస్థానమును చేరిన వెంటనే, వైద్యుడు ఆ శస్త్రచికిత్సలోనే రంధ్రమును కుట్టివేయును. నిన్నటివరకు ప్రాణము నిలిపినది నేడు లోపమైనది. గుణమైనను దోషమైనను స్థానమును కాలమును చూచి చెప్పవలసినదే.