మీకు తెలుసా? విశాఖ సాగరంలో కయాకింగ్, కొండల వెనుక సూర్యాస్తమయం

• విశాఖపట్నం తూర్పు తీరంలో ఉన్నందున ఇక్కడ సూర్యుడు సముద్రం వైపు ఉదయించి నేల వైపు అస్తమిస్తాడు. కాబట్టి పరిశుభ్రమైన, సురక్షితమైన తీరాలకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపును 2020లో పొందిన రుషికొండ తీరంలో కయాక్, అంటే రెండు కొసలా పలకలున్న తెడ్డుతో నడిపే సన్నని పడవ, ఎక్కినవారు అస్తమయాన్ని చూడాలంటే పడమటి దిక్కుకు తిరగాలి.

• ఇక్కడ నవంబరు చివర సాయంత్రం సుమారు 5.20 గంటలకు, జూలై మొదట్లో సుమారు 6.35 గంటలకు సూర్యుడు అస్తమిస్తాడు.

• ఉత్తర ధ్రువ ప్రాంతపు ఇన్యూట్ ప్రజలు చట్రానికి సీల్ చర్మం బిగించి కయాక్‌ను వేటకు వాడుకోగా, ఉత్తరాంధ్ర మత్స్యకారులు దుంగలను తాళ్లతో జతకట్టిన తెప్పలపై అలలు దాటేవారు. తెప్పపైకి వచ్చిన నీరు దుంగల సందుల్లోంచి జారిపోతుంది, పైన కూర్చుని నడిపే ప్లాస్టిక్ కయాక్‌లకూ అందుకే అడుగున రంధ్రాలుంటాయి.

• పగలు నేల వేడెక్కడంవల్ల తీరం వైపు వీచే సముద్రపు గాలి పొద్దుగూకాక సన్నగిల్లుతుంది. రాత్రి నేల త్వరగా చల్లబడడంతో గాలి నేల నుంచి సముద్రం వైపు మళ్లి, తేలికైన కయాక్‌ను తీరానికి దూరంగా నెడుతుంది.

• నౌకలు ఢీకొనకుండా 1972లో రూపొందిన అంతర్జాతీయ నియమాల ప్రకారం, దీపాలు లేని తెడ్ల పడవలో చీకటివేళ తెల్లని కాంతినిచ్చే టార్చి లేదా లాంతరు సిద్ధంగా ఉండాలి. లైఫ్ జాకెట్ తప్పక ధరించి, వెలుతురు ఉండగానే ఒడ్డు చేరడం క్షేమకరం.