కంప్యూటర్‌కూ గాలి కావాలి

గత వేసవిలో మా ఇంట జరిగిన ఒక చిన్న సంఘటనతో ఈ వ్యాసాన్ని ప్రారంభిస్తున్నాము. మా పెద్దబ్బాయి తన డిగ్రీ ప్రాజెక్టు కోసం విడిభాగాలు కొనితెచ్చి, ఇంట్లోనే స్వయంగా ఒక కంప్యూటరును అమర్చుకున్నాడు. చలికాలమంతా అది చక్కగా పనిచేసింది. మే నెల రాగానే మధ్యాహ్నపు వేళ అరగంట గడిచేసరికి దానంతటదే ఆగిపోసాగింది. ప్రాజెక్టు సమర్పణకు గడువు పది రోజులే ఉంది. “ప్రాసెసర్ పోయినట్లుంది అబ్బా! కొత్తది కొనవలసిందే” అన్నాడు దిగులుగా. ఆ ఖర్చు తలచుకుని మేమూ కలవరపడ్డాము.

తీరా పక్కమూత తీసి చూడగా, ప్రాసెసర్‌లో ఏ లోపమూ లేదు. వెనుకవైపు ఫ్యాను తిరగబడి బిగించి ఉంది. వేడిగాలిని బయటికి నెట్టవలసిన ఆ ఫ్యాను బయటి గాలిని లోపలికి లాగుతోంది. ముందువైపు జాలీ దుమ్ముతో పూడుకుపోయి ఉంది. ఒక స్క్రూడ్రైవరు, ఒక మెత్తని కుంచెతో ఆ సమస్య తీరిపోయింది.

వేడి ఎందుకు పుడుతుంది?

ప్రాసెసర్ వాడుకునే విద్యుత్తు దాదాపు అంతా చివరికి వేడిగా మారుతుంది. దానిపై ఉండే లోహపు రెక్కల దిమ్మె ఆ వేడిని గ్రహిస్తే, ఫ్యాను దానిని గాలిలోకి సాగనంపుతుంది. ఫ్యాను చల్లదనాన్ని సృష్టించదన్న సంగతి గుర్తుంచుకోవాలి. గదిలోని గాలి కంటే చల్లగా లోపలి భాగాలను అది ఉంచలేదు. గది వేడి 25 డిగ్రీల నుండి 40 డిగ్రీలకు పెరిగితే, లోపలి వేడి కూడా ఇంచుమించు అంతే పెరుగుతుంది. నేటి ప్రాసెసర్లలో చాలావరకు 95 నుండి 100 డిగ్రీల దగ్గర తమ వేగాన్ని తామే తగ్గించుకుంటాయి. అప్పటికీ వేడి తగ్గకపోతే కంప్యూటరు ఆగిపోతుంది. అది తనను తాను కాపాడుకునే ఏర్పాటు మాత్రమే.

ఎన్నుకొనేటప్పుడు

పెట్టెలకు వాడే ఫ్యానులలో 120, 140 మిల్లీమీటర్ల పరిమాణాలు ఎక్కువ. కొనడానికి ముందు మరరంధ్రాల మధ్య దూరాన్ని కొలవండి. అది 105 మిల్లీమీటర్లయితే 120 ఫ్యాను, 124.5 అయితే 140 ఫ్యాను సరిపోతుంది. పెద్ద ఫ్యాను నెమ్మదిగా తిరిగి కూడా చిన్న ఫ్యానంత గాలిని ఇస్తుంది, శబ్దమూ తక్కువ. పిల్లలు నిద్రించే గదిలోనే కంప్యూటరు ఉన్న ఇళ్లకు ఇది ముఖ్యం.

గాలి తేలికగా సాగే చోట ఎక్కువ గాలినిచ్చే ఫ్యాను చాలు. దట్టమైన జాలీ వెనుకనో, లోహపు రెక్కల మీదనో బిగించేదానికి గాలిని ఒత్తిడితో నెట్టగల శక్తి ఉండాలి. నాలుగు పిన్నుల ఫ్యాను వేడిని బట్టి వేగాన్ని చక్కగా మార్చుకోగలదు. మూడు పిన్నులదానికి ఓల్టేజీని తగ్గించి వేగం తగ్గించవలసి ఉంటుంది. బేరింగులలో సాదా స్లీవ్ రకం చవక, కానీ త్వరగా అరుగుతుంది. ఫ్లూయిడ్ బేరింగు కొంత ఖరీదైనా నిశ్శబ్దంగా ఎక్కువ కాలం పనిచేస్తుంది.

అమర్చే విధానం

ముందునుండి చల్లగాలి లోపలికి, వెనుకనుండీ పైనుండీ వేడిగాలి బయటికి వెళ్లాలి. సాధారణంగా, ఫ్యాను చట్రంలో మోటారును పట్టి ఉంచే అడ్డుకమ్మీలు కనబడే వైపునుండి గాలి బయటికి వస్తుంది. మా అబ్బాయి పొరబడింది ఇక్కడే. సందేహముంటే పలుచని కాగితపు ముక్కను దగ్గర ఉంచి చూడండి. బయటికి పంపే గాలి కంటే లోపలికి వచ్చే గాలి కాస్త ఎక్కువగా ఉంటే, సందుల గుండా దుమ్ము చొరబడదు. అయితే లోపలికి లాగే ఫ్యానుల ముందు జాలీ తప్పక ఉండాలి.

సంరక్షణ

నెలకొకసారి జాలీని, మూడు నెలలకొకసారి ఫ్యానులను శుభ్రపరచడం మంచిది. మొదట కంప్యూటరును ఆపి, ప్లగ్గును తీసివేయండి. గాలి కొట్టేటప్పుడు రెక్కలను వేలితో కదలకుండా పట్టుకోండి. లేకుంటే అవి విపరీత వేగంతో తిరిగి బేరింగు దెబ్బతినవచ్చు. తడిగుడ్డ వాడకండి. వంటింటికి దగ్గరగా ఉంచితే పోపు పొగలోని జిడ్డు దుమ్మును అంటిపెట్టుకొని రెక్కలపై పేరుకుంటుంది. పెట్టెను మూసిన అల్మరాలో, తివాచీ మీద ఉంచకండి. పనిచేస్తున్నప్పుడు దానిపై గుడ్డ కప్పకండి. గోడకు కనీసం జానెడు దూరం ఉండాలి.

ఫ్యాను గరగరమంటే కొందరు కొబ్బరినూనె చుక్క వేస్తారు. దానివల్ల శబ్దం కొన్నాళ్లు అణగవచ్చునేమో గాని అరిగిన బేరింగు బాగుపడదు. పూర్తిగా ఆగిపోకముందే ఫ్యానును మార్చడమే మేలు.

మా అబ్బాయి ప్రాజెక్టు గడువులోగానే పూర్తయింది. ఇప్పుడు ప్రతి నెలా మొదటి ఆదివారం మా చిన్నమ్మాయి కుంచె పట్టుకొని, “భాయీజాన్, ప్లగ్గు తీశావా?” అని అడిగిన తరువాతే పనికి పూనుకుంటుంది. వేలు పోసి కొత్త భాగం కొనాలని నిర్ణయించే ముందు, ఒక్కసారి పక్కమూత తీసి చూడండి. లోపం చాలాసార్లు దుమ్ములోనే ఉంటుంది.