తేలికైన చుట్ట ఏది?

గోదావరి తీరాన లంక గ్రామంలో నివసించే మా మేనమామగారు యాభై ఏళ్ళుగా చుట్ట కాలుస్తున్నారు. పదేళ్ళుగా మధుమేహం కూడా ఉన్నది. మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు భోజనానంతరం నన్ను అరుగు మీదికి పిలిచి, "అల్లుడూ, లంకాకు ఘాటు ఇక పడటం లేదయ్యా, దగ్గు వస్తోంది. తేలికగా ఉండాలి, గంటసేపు కాలాలి. అటువంటి చుట్ట ఏదో చూసి చెప్పు. మీ శాస్త్రంలోనూ ధూమపానం ఉన్నది గదా!" అన్నారు.

వైద్యుణ్ణి గనుక వెంటనే "మానెయ్యండి" అనవచ్చు. ఆ మాట ఆయన నాకంటే ముందు చాలామంది నోట విన్నారు. అందుచేత ఆయన కోరిన రెండు గుణాలనే ముందుగా విచారించాను.

చుట్ట రంగును చూసి ఘాటును అంచనా వేయటం పొరపాటు. పైన కనబడేది పలుచని ఆకు ఒక్కటే. ఘాటు ప్రధానంగా లోపల దట్టించిన ఆకుది. పొగాకు మొక్క అడుగుభాగపు ఆకులు తేలికైనవి, చక్కగా అంటుకొని త్వరగా కాలిపోతాయి. ఎండ బాగా తగిలే పైభాగపు ఆకులు దళసరివి, ఘాటైనవి, నిదానంగా కాలుతాయి. క్యూబాలో చుట్టలు చేసేవారు మొదటిదానిని ‘వొలాడో’ అనీ రెండవదానిని ‘లిహేరో’ అనీ వేరుచేసి పాళ్ళు కలుపుతారు. కాబట్టి తేలికైన ఆకుతోనే గంటసేపు కాలాలంటే చుట్టను లావుగా, పొడవుగా చుట్టక తప్పదు. అటువంటి పెద్ద చుట్ట ఒక్కదానిలో ఒక సిగరెట్టు పెట్టెకు సరిపడే పొగాకు ఉండవచ్చు. నాలుకకు తేలిక; దేహానికి మాత్రం భారం పెరిగిందన్నమాట.

"నేను పొగ మింగనుగా, నోట్లోనే ఉంచి వదిలేస్తాను" అన్నారు మామయ్య. చుట్ట కాల్చేవారందరి సమాధానమూ ఇదే. సిగరెట్టు పొగ ఆమ్లగుణం కలది. దానిలోని నికోటిన్ బాగా ఎక్కాలంటే ఊపిరితిత్తులలోకి పీల్చాలి. చుట్ట పొగ క్షారగుణం కలది. నోటిలోని పలుచని పొర గుండానే నికోటిన్ రక్తంలో చేరుతుంది, మింగనక్కరలేదు. నోరు, గొంతు, స్వరపేటిక, అన్నవాహికలలో క్యాన్సర్ పుట్టించే పదార్థాలు తేలిక చుట్ట పొగలోనూ ఉంటాయి. పొగాకు పెట్టెలపై ‘మైల్డ్’, ‘లైట్’ వంటి మాటలు జనాన్ని భ్రమపెట్టగలవని 2003లో ఆమోదం పొందిన అంతర్జాతీయ పొగాకు నియంత్రణ ఒప్పందమే హెచ్చరించింది.

ఇక శాస్త్రం మాట. చరకసంహిత సూత్రస్థానం ఐదవ అధ్యాయంలో ధూమపానం ఉన్న సంగతి నిజమే. కాని అందులో పొగాకు లేదు. అది ఎన్నో శతాబ్దాల తరువాత పోర్చుగీసువారి ద్వారా మన దేశానికి వచ్చింది. చరకుడు చెప్పినది చందనం, ఏలకులు, వట్టివేరు, యష్టిమధుకం, గుగ్గిలం మొదలైన ద్రవ్యాలను నూరి, రెల్లుపుల్లకు పట్టించి, ఎండిన తరువాత పుల్లను తీసివేసి చేసే వర్తి. బొటనవేలి లావు, ఎనిమిది అంగుళుల పొడవు. దానిని నేరుగా పెదవులకు తాకించరు. నిత్యవాడుకకు చెప్పిన గొట్టం పొడవు తన వేళ్ళ కొలతతో ముప్పది ఆరు అంగుళులు, అంటే రెండడుగులకు పైమాటే! పొగ దూరం నుండి, కణుపులు దాటి వస్తే బాధించదని ఆయన కారణం కూడా చెప్పాడు. పీల్పులకు లెక్క ఉంది, వేళలకు లెక్క ఉంది. అతిగా వాడితే చెవుడు, అంధత్వం, రక్తపిత్తం, తలతిరుగుడు వస్తాయని హెచ్చరిక ఉంది. మేహరోగికీ, అంగిలి ఎండినవారికీ ఆ ఓషధిధూమం కూడా నిషిద్ధమే. ఈ మాట వినగానే మామయ్య చేతిలోని చుట్ట వంక చూసుకొన్నారు.

పాఠకులు ఇది చదివి ఇంట్లో మూలికల చుట్ట చుట్టుకోవద్దని మనవి. ఏ ఆకు కాలినా తారు, కార్బన్ మోనాక్సైడు తప్పవు.

ఆయన నోరు తెరిపించి టార్చిలైటు వేసి చూశాను. అంగిలి తెల్లబారి, నడుమ ఎర్రని చుక్కలు ఉన్నాయి. చుట్ట వేడిమి వలన వచ్చే ఈ మార్పు, మానివేస్తే కొన్ని వారాలలో సాధారణంగా తగ్గుతుంది. నిప్పు కొనను నోటిలో ఉంచుకొనే అడ్డపొగ అలవాటు గలవారి సంగతి వేరు. వారిలో ఇది క్యాన్సర్‌కు దారితీయగలదు. మన రాష్ట్రపు పల్లెలలో 10,169 మంది అంగిళ్ళను పరిశీలించిన ఒక అధ్యయనం 1971లోనే ప్రచురితమైంది. మామయ్యది అడ్డపొగ కాకపోయినా దంతవైద్యునికి చూపించాం. ప్రస్తుతానికి ముక్క పరీక్ష అవసరం లేదనీ, చుట్ట మాని ఆరు వారాలకు మళ్ళీ రమ్మనీ చెప్పారు.

అన్నిటికంటె కష్టమైనది భోజనం తరువాతి చుట్ట. ఆ తహతహ చాలావరకు కొద్ది నిమిషాలలో తగ్గుతుంది. అప్పుడు నోట్లో ఒక ఏలక్కాయ గాని, వేయించిన వాము, సోంపు చిటికెడు గాని వేసుకొని అటూ ఇటూ నడవమన్నాను. వక్కపొడి మాత్రం వద్దు, అదీ నోటికి క్యాన్సర్ తెచ్చేదే. సొంతంగా సాధ్యంకానివారికి 1800-11-2356 అనే ప్రభుత్వపు ఉచిత ఫోను ఉన్నది.

నాలుగు వారాలైంది. రోజుకు ఆరు కాల్చే మనిషి ఇప్పుడు ఒకటి దగ్గర ఆగారు. ఆయన ఒకటి అంటున్నారు గాని, అత్తయ్య ఒకటిన్నర అంటోంది. చుట్టల డబ్బాలో ఏలకులు పోసి పెట్టారు. వాటికి పొగాకు వాసన పట్టిందని అత్తయ్య పాయసంలో వేయనంటోంది.