కుంపటి మీద అడవి

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వేసవిలో వెళ్ళొచ్చే తెలుగు తల్లిదండ్రుల ఫోన్లలో నయాగరా తర్వాత ఈ మధ్య ఎక్కువగా కనిపిస్తున్నది ఎల్లోస్టోన్. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ వేడినీళ్ళు ఎగజిమ్ముతుండగా ఒక ఫోటో, రోడ్డుకు అడ్డంగా నిలబడ్డ బైసన్‌ది కారు అద్దంలోంచి ఇంకో ఫోటో. అంతే, చూసేశామంటారు. దాదాపు 9,000 చదరపు కిలోమీటర్ల నేషనల్ పార్కులో రోడ్డు పక్కన ఉన్నంత వరకూ చూశారు, సందేహం లేదు. ఆ రోడ్ల వెనక 1,400 కిలోమీటర్లకు పైగా కాలిబాటలున్నాయి. కారు ఆపి ఒక మైలు లోపలికి నడిస్తే చాలు, జనం పలచబడిపోతారు. మా ఇద్దరి నడక పిచ్చి పెళ్ళయిన కొత్తలో అలిపిరి మెట్ల దగ్గర మొదలైంది. మావారు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాక అది మమ్మల్ని ఇక్కడిదాకా తీసుకొచ్చింది.

పార్కులో ఎక్కువ భాగం వయోమింగ్ రాష్ట్రంలో ఉంది. కొసరు ముక్కలు మోంటానాలో, ఐడహోలో. నేల కింద ఉన్నది అగ్నిపర్వతం. దాదాపు 6.4 లక్షల ఏళ్ళ కిందట అది చివరిసారి భారీగా బద్దలైనప్పుడు పైనున్న నేల కూలి పెద్ద పల్లం పడింది. ఆ వేడి ఇంకా చల్లారలేదు. వేడినీటి బుగ్గలు, ఆవిరి రంధ్రాలు, కుతకుతలాడే బురద గుంటలు అన్నీ కలిపి 10,000కు పైనే. వేడినీళ్ళు ఎగజిమ్మే గీజర్లయితే ప్రపంచంలో ఉన్నవాటిలో సుమారు సగం ఇక్కడే. పైకి అడవి, అడుగున కుంపటి. ఇక్కడి రంగులకూ చెట్లకూ జంతువులకూ ఆ కుంపటితో ఏదో ఒక లెక్క ఉంటుంది. నడుస్తున్నకొద్దీ ఆ లెక్క తెలుస్తుంది.

గ్రాండ్ ప్రిస్మాటిక్ స్ప్రింగ్ సంగతే చూడండి. సుమారు 110 మీటర్ల వెడల్పున్న వేడినీటి మడుగు అది. దాన్ని ఆనుకుని వేసిన చెక్కబాట మీద నిలబడితే గంధకపు వాసన, ముఖాన కొట్టే ఆవిరి తప్ప పెద్దగా ఏమీ కనపడదు. ఆకారం తెలియాలంటే ఫెయిరీ ఫాల్స్ కాలిబాట పట్టుకుని, పక్క గుట్ట మీద 2017లో తెరిచిన వ్యూ పాయింట్‌కి ఎక్కాలి. కిలోమీటరు నడక, చిన్నపాటి ఎత్తు. పైనుంచి చూస్తే నడుమ ముదురు నీలం, దాని చుట్టూ పసుపు, ఆపైన నారింజ, చివర ఇటుక రంగు అంచు.

“ఆ పసుపు దగ్గర ఎంత వేడి ఉంటుందంటారు?” అని అడిగాను.

“డెబ్బై లోపే ఉండాలి. అది దాటితే అక్కడ రంగే ఉండదు,” అన్నారాయన, థర్మామీటర్ పెట్టి చూసొచ్చినట్టు.

ఆయన మాట నిజమే. సూర్యకాంతితో ఆహారం చేసుకునే సూక్ష్మజీవులేవీ 73 డిగ్రీల సెల్సియస్ దాటితే బతకలేవు. అందుకే మరీ వేడిగా ఉండే నడుమ భాగంలో అవి ఉండవు. లోతైన తేట నీటి నీలమే కనిపిస్తుంది. నీళ్ళు అంచులకు పారుతూ చల్లబడేకొద్దీ ఒక్కో వేడికి తగ్గ సూక్ష్మజీవులు పొరలు పొరలుగా పరుచుకుంటాయి. ఎండ దెబ్బ తగలకుండా అవి తయారుచేసుకునే రంగులే ఆ పసుపూ నారింజా. ఎండ తగ్గే చలికాలంలో వాటిలోని ఆకుపచ్చ పైకి తేలుతుంది.

రంగే లేనంత వేడిలోనూ ప్రాణముంది. 1966లో థామస్ బ్రాక్, ఆయన విద్యార్థి హడ్సన్ ఫ్రీజ్ ఈ చుట్టుపక్కలే ఒక బుగ్గలోంచి థెర్మస్ అక్వాటికస్ అనే బ్యాక్టీరియాను సేకరించారు. మరిగే వేడికి దగ్గరలోనూ చెడని దాని ఎంజైమే తర్వాత పీసీఆర్ పరీక్షకు ఆధారమైంది. కరోనా రోజుల్లో ముక్కులో పుల్ల పెట్టించుకున్న మనందరికీ ఈ మడుగులతో ఆ విధంగా చుట్టరికం ఉంది. ఇది చెప్పేటప్పుడు మావారి ముఖంలో వెలుగు చూడాలి, ఆ బ్యాక్టీరియా తన శిష్యుడే అయినట్టు!

ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ దగ్గర గీజర్ చూసి అందరూ వెనుదిరిగే చోటి నుంచి రెండు కిలోమీటర్లకు పైగా నడిస్తే మార్నింగ్ గ్లోరీ పూల్ వస్తుంది. ఒకప్పుడు స్వచ్ఛమైన నీలంగా ఉండేదట. ఏళ్ళ తరబడి యాత్రికులు విసిరిన నాణేలు, చెత్త అడుగున నీరు ఊరే దారుల్ని పూడ్చేశాయి. నీటి వేడి తగ్గింది. అన్నాళ్ళూ అంచున ఆగిన పసుపూ నారింజా లోపలికి పాకాయి. 1950లో నీళ్ళను పైకి ఎగదన్నించి శుభ్రం చేస్తే బయటపడ్డవి చిల్లర డబ్బులు, చేతిరుమాళ్ళు, ఇంకా ఏవేవో. రైలు గోదావరి వంతెన ఎక్కగానే పర్సు తెరిచే అలవాటున్న నేను అక్కడ కాసేపు మాట్లాడలేదు. గోదావరికైతే వరద వచ్చి తోసుకుపోతుంది. ఇక్కడ అలా వచ్చే నీరు లేదు.

ఫెయిరీ ఫాల్స్ దారిలో చెట్లన్నీ ఒకే ఈడువిగా కనిపిస్తాయి. 1988 వేసవిలో చెలరేగిన మంటలు పార్కులో మూడో వంతుకు పైగా నేలను తాకాయి. లాడ్జ్‌పోల్ పైన్ కాయల్లో చాలా వాటికి జిగురు గట్టిగా పట్టి ఉంటుంది; నిప్పు సెగకు అది కరిగితేనే కాయ విచ్చుకుని గింజలు రాలతాయి. మంట ఆరిన నేలలో మొలిచిన అడవి మధ్యే మనం నడుస్తాం.

ఈ అడవి దారుల్లో ఎలుగుబంట్ల భయం మాత్రం నిజమైనదే. అవి మనల్ని వెతుక్కుంటూ రావు. మలుపులో హఠాత్తుగా ఎదురుపడితేనే ప్రమాదం. అందుకని ముగ్గురికి తక్కువ కాకుండా వెళ్ళమనీ, చప్పుడు చేస్తూ నడవమనీ రేంజర్లు చెబుతారు. మేం ఇద్దరమే కనుక మూడో మనిషి వాటా కూడా మావారే తీసుకుని రెండో ఎక్కం నుంచి గట్టిగా అందుకున్నారు. పదమూడో ఎక్కం దగ్గర తడబడితే సరిదిద్దాల్సింది నేను. ఎదురొచ్చిన ఒక అమెరికన్ జంట అది మంత్రం అనుకుని చేతులు జోడించింది. ఎలుగులకూ తోడేళ్ళకూ 91 మీటర్ల దూరం, బైసన్‌కూ ఎల్క్‌కూ 23 మీటర్ల దూరం పాటించాలని నిబంధన. బైసన్ సాధుజంతువులా మేస్తూ ఉంటుంది గానీ మగది 900 కిలోల దాకా తూగుతుంది, గంటకు 50 కిలోమీటర్లకు పైగా పరుగెత్తుతుంది. 1902 నాటికి ఈ పార్కులో పాతిక కూడా మిగల్లేదు, ఇప్పుడు వేలల్లో ఉన్నాయి. చలికాలంలో అవి మంచు తక్కువుండే వేడి నేలల దగ్గర చేరతాయి.

నాకు అన్నిటికన్నా నచ్చింది మౌంట్ వాష్‌బర్న్. డన్‌రావెన్ పాస్ నుంచి సుమారు ఐదు కిలోమీటర్ల ఎక్కుడు, శిఖరం ఎత్తు 3,100 మీటర్ల పైన. ఊపిరి ఆడక నాలుగడుగులకోసారి ఆగాం గానీ, జూలైలో ఆగిన ప్రతిచోటా పూలే: ఊదారంగు లూపిన్లు, ఎర్రటి పెయింట్‌బ్రష్. వంపు కొమ్ముల అడవి గొర్రెలు రాళ్ళ మీద నిలబడి మమ్మల్ని పట్టించుకోలేదు. పై నుంచి దక్షిణంగా కనిపించే అడవి పల్లమంతా ఆనాడు అగ్నిపర్వతం బద్దలైనప్పుడు కూలిన నేలే. గొప్ప పేరున్న ఎల్లోస్టోన్ లోయ, 94 మీటర్ల లోయర్ ఫాల్స్ కూడా దగ్గరే. లోయ గోడల పసుపూ గులాబీ రంగులు వేడినీటి సెగకు మారిపోయిన రాతిలోని ఇనుముతో వచ్చినవి. 1871లో వచ్చి వాటిని చూసిన థామస్ మోరన్ గీసిన పెద్ద చిత్రాన్ని అమెరికా కాంగ్రెస్ 10,000 డాలర్లకు కొంది. 1872 మార్చిలో ఇది పార్కు అయింది. అంతకు ముందు వేల ఏళ్ళుగా ఇక్కడ తిరిగిన షొషోనీ తదితర ఆదివాసుల ఊసు మాత్రం సమాచార బోర్డుల్లో ఒక మూలనే ఉంటుంది.

వెళ్ళేవాళ్ళకు కొన్ని మాటలు. ఎలుగుబంటి మీదికొస్తే కొట్టే బేర్ స్ప్రే విమానంలో తీసుకెళ్ళనివ్వరు, అక్కడే కొనొచ్చు లేదా అద్దెకు తీసుకోవచ్చు. వేడి బుగ్గల దగ్గర చెక్కబాట దిగొద్దు. పైపెచ్చు పలచన, వేడినీళ్ళలో పడి ఇప్పటివరకూ ఇరవై మందికి పైగా చనిపోయారు. తోడేళ్ళు చూడాలంటే లామార్ లోయకు తెల్లవారకముందే చేరి బైనాక్యులర్ పట్టుకుని కూర్చోవాలి. 1995లో కెనడా నుంచి తెచ్చి వదిలిన తోడేళ్ళ సంతతి అది. పులిహోర కట్టుకెళ్ళండి గానీ డబ్బా బల్ల మీద వదిలి ఫోటోలకు వెళ్ళొద్దు, వాసనకు ఎలుగులు వస్తాయి. ఆవకాయ సీసా అయితే కారులోనే ఉంచి, అద్దాలెక్కించి తాళం వేయండి.