పౌర సంబంధాల విద్య: పరిధి, బాధ్యత

ఒక సంస్థకూ, దాని పనితో సంబంధమున్న ప్రజలకూ మధ్య సదవగాహన నెలకొల్పి, దానిని నిలుపుకొనే కృషినే పౌర సంబంధాలు అంటారు. ఆ కృషి ఒక నిర్ణీత లక్ష్యం కోసం, ముందుగా వేసుకున్న పథకం ప్రకారం సాగితే అది వ్యూహాత్మక సమాచార ప్రసారం అవుతుంది. ఈ రెంటినీ నేడు అనేక విశ్వవిద్యాలయాలు ఎం.ఏ. స్థాయిలో బోధిస్తున్నాయి. మాటకారితనం ఉంటే చాలదా, ఇందులో ప్రత్యేకించి చదవవలసినదేముంది అనే సందేహం కొందరికి కలుగుతుంది.

ఈ విద్య అమెరికాలో రూపుదిద్దుకున్నది. 1906లో ఐవీ లీ అనే మాజీ పాత్రికేయుడు పత్రికలకు ఒక ప్రకటన పంపాడు. తమ పని బహిరంగంగా సాగుతుందనీ, తామిచ్చే సమాచారం కచ్చితంగా ఉంటుందనీ దాని సారాంశం. 1923లో ఎడ్వర్డ్ బెర్నేస్ ప్రజాభిప్రాయంపై ఒక గ్రంథం ప్రచురించి, న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో ఈ అంశాన్ని బోధించాడు. 1947లో బోస్టన్ విశ్వవిద్యాలయం దీనికై ప్రత్యేక కళాశాల నెలకొల్పింది. భారతదేశంలో 1958లో పబ్లిక్ రిలేషన్స్ సొసైటీ ఏర్పడింది.

పత్రికా ప్రకటన రాయడం, సభ ఏర్పాటు చేయడం వంటివి అనుభవంతోనూ అలవడతాయి. ఎం.ఏ. విద్యార్థి నేర్చుకోవలసింది వేరు. ఎవరికి చెప్పాలి, వారు ఇప్పుడేమనుకుంటున్నారు, ఎవరి మాట నమ్ముతారు, చెప్పిన తరువాత ఏ మార్పు వచ్చింది - వీటిని సర్వేలతో, ముఖాముఖి సంభాషణలతో తెలుసుకోవాలి. 1984లో గ్రూనిగ్, హంట్ అనే ఆచార్యులు ఈ వృత్తిలో నాలుగు పద్ధతులను గుర్తించారు. కేవలం ప్రచారార్భాటం మొదటిది. ఉన్న సమాచారం అందించడం రెండవది. ప్రజల మనసు తెలుసుకొని వారిని తమవైపు తిప్పుకోవడం మూడవది. ప్రజల మాట విని తామూ మారడం నాలుగవది.

నాలుగవదానికి సమీపంలోనే ఒక ఉదాహరణ ఉన్నది. పోలియో చుక్కలు వేస్తే సంతానం కలగదనే వదంతి 2000 తరువాతి సంవత్సరాలలో పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లోని అనేక ముస్లిం కుటుంబాలలో వ్యాపించింది. కరపత్రాలు, గోడ ప్రకటనలు దానిని తొలగించలేకపోయాయి. అప్పుడు కార్యకర్తలు ఇంటింటికీ వెళ్ళి తల్లుల భయాలు విన్నారు. ఉలమాలు మసీదులలో మాట్లాడారు. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం, జామియా మిల్లియా, జామియా హమ్దర్ద్ చేయి కలిపాయి. 2011 జనవరి తరువాత దేశంలో సహజ పోలియో వైరస్ కేసు నమోదు కాలేదు.

ఇదే విద్య వక్రమార్గంలోనూ నడవగలదు. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. అక్టోబరు 10న వాషింగ్టన్‌లో శాసనసభ్యుల బృందం ఎదుట ఇంటిపేరు చెప్పని 15 ఏళ్ళ బాలిక సాక్ష్యమిచ్చింది. ఇరాకీ సైనికులు ఆసుపత్రిలో శిశువులను ఇంక్యుబేటర్ల నుండి తీసి నేలపై వదిలేయగా చూశానన్నది. యుద్ధాన్ని సమర్థించినవారు ఆ మాటను పదే పదే ఉటంకించారు. ఆమె అమెరికాలోని కువైట్ రాయబారి కుమార్తె అనీ, ఆ ప్రచారాన్ని నడిపింది కువైట్ ప్రభుత్వ ధనం అందుకున్న హిల్ అండ్ నోల్టన్ అనే పౌర సంబంధాల సంస్థ అనీ 1992 జనవరిలో వెల్లడైంది. తరువాతి విచారణలు ఆ కథనాన్ని బలపరచలేదు. కువైట్ ప్రజలు నిజంగా అనుభవించిన బాధలు కూడా దీనివల్ల సందేహాస్పదమయ్యాయి.

హదీసు విద్యతో పరిచయమున్నవారికి ఇందులోని లోపం వెంటనే తెలుస్తుంది. మాట ఎంత హృదయవిదారకమైనదైనా, ముహద్దిసులు ముందు సనద్‌ను పరిశీలించారు: చెప్పినవారెవరు, ఎవరి నుండి విన్నారు, వారి విశ్వసనీయత ఎంత? వాషింగ్టన్‌లో ఆ ప్రశ్న అడిగినవారు లేకపోయారు. పౌర సంబంధాల విద్యార్థి తాను రాసే ప్రతి ప్రకటనకూ ఈ ప్రశ్న వేసుకోవాలి. ఎవరి తరఫున, ఎవరి ధనంతో మాట్లాడుతున్నదీ దాచకూడదు. ఈ శాస్త్రం చదవనివారికి సైతం ఆ పరిశీలన తెలిసి ఉండటం అవసరం. ఎందుకంటే ఆ ప్రకటనలు చేరేది వారి ఇళ్ళకే.