బాంబులకూ ఎర పంట!
దొంగ దీపాలతో విమానాశ్రయాలను కాపాడుకున్న వైనం

వాడరేవు: మిరప చేను చుట్టూ ఆముదం మొక్కలు ఎందుకు వేస్తారో ఈ ప్రాంత రైతుకు చెప్పనక్కరలేదు. లద్దె పురుగు తల్లి ముందుగా ఆముదం ఆకు మీద గుడ్లు పెడుతుంది. ఆ ఆకులు తుంచి కాల్చేస్తే మిరప దక్కుతుంది. రెండవ ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండు తన విమానాశ్రయాలను రాత్రి బాంబుల నుండి కాపాడుకున్నది సరిగ్గా ఇటువంటి ఉపాయంతోనే.

రాత్రిపూట వచ్చే జర్మను విమానాలకు నేల మీది దీపాలే ఆనవాలు. అన్నీ ఆర్పేద్దామంటే సొంత విమానాలు దిగడానికి దారి కనపడదు. విరుగుడు కనిపెట్టే పనిని 1939లో కల్నల్ జాన్ టర్నర్ అనే అధికారికి అప్పగించారు. అసలు విమానాశ్రయానికి కొన్ని మైళ్ల దూరంలో, ఖాళీ బయళ్లలో, రన్‌వే దీపాల మాదిరిగానే వరసగా దీపాలు పెట్టించారు. వీటిని ‘క్యూ’ స్థలాలు అనేవారు. అక్కడ రన్‌వే లేదు, విమానాలూ లేవు. ఉన్నవి దీపాలు మాత్రమే!

పగటి మోసానికి వేరేచోట ఉత్తుత్తి విమానాలు నిలబెట్టారు. వాటిని తయారు చేసినది షెపర్టన్‌లోని సినిమా స్టూడియో పనివారు కావడం విశేషం.

దీపాల దగ్గర కొద్దిమంది సిబ్బంది నేలమాళిగలో కాపలా ఉండేవారు. శత్రు విమానం చప్పుడు దగ్గరపడ్డాక, కంగారుపడి ఆర్పినట్లు, కాస్త ఆలస్యంగా దీపాలు ఆర్పేవారు. అది చూసి పైవాడు అసలు విమానాశ్రయమేనని నమ్మాలి. ఒక్కోసారి సొంత పైలట్లు కూడా మోసపోయి అక్కడ దిగబోయారు.

1940 నవంబరు 14 రాత్రి కోవెంట్రీ పట్టణం కాలిపోయాక, పట్టణాల రక్షణకు ఎర మంటలు కూడా వేశారు. 1941 ఏప్రిల్ 17 రాత్రి పోర్ట్స్‌మౌత్ రేవు మీద పడవలసిన బాంబుల్లో చాలా భాగం ఎర మంటలున్న హేలింగ్ దీవి మీద పడ్డాయి. రేవు చాలావరకు బతికింది. దీవిలో ఫిరంగుల దగ్గర ఉన్న ఆరుగురు సైనికులు మరణించారు. ఒక చోటును కాపాడడానికి మరొక చోటు దెబ్బ తినవలసి వచ్చిందన్నమాట.

మన కోస్తాకూ ఇది దూరపు కథ కాదు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాను విమానాలు బాంబులు వేశాయి. 1971 యుద్ధంలో ‘విక్రాంత్’ నౌక అండమాన్ల వైపు ఉండగా, అది విశాఖలోనే ఉన్నట్లు మన నౌకాదళం దొంగ వైర్‌లెస్ సందేశాలతో నమ్మించింది. దానిని వెదుక్కుంటూ వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ‘ఘాజీ’ విశాఖ ముంగిట మునిగిపోయింది.

సూర్యలంకలో వైమానిక దళ స్థావరం ఉంది. కొరిశపాడు వద్ద జాతీయ రహదారి మీద 2024 మార్చి 18న ప్రయోగాత్మకంగా విమానాలు దింపారు. రన్‌వేకు పొరుగున ఉండే ఊళ్లకు ఈ సంగతి తెలిసి ఉండడం మంచిదే.

ఆముదం వేసి అటు తిరిగి చూడకపోతే పురుగు అక్కడే పెరిగి మిరప మీద పడుతుంది. యుద్ధంలో పెట్టే ఎర కూడా అంతే. ఊరికి ఎడంగా ఉండాలి, రాత్రంతా మనిషి కాపలా ఉండాలి.